కొండ ఒకరిది, కాలు మనది, పూచీ ఎవరిది?

73 లక్షల డాలర్లు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఒక సైకిల్ బాట మీద పడిన గుంతకు కోర్టు కట్టిన ఖరీదు అది. గుంత ఉన్నది ప్రభుత్వ స్థలంలో. దాని దెబ్బకు మూతపడినవి మాత్రం ఎక్కడో దూరాన, 14 వేల అడుగుల ఎత్తున ఉన్న ప్రైవేటు కొండలు. గుంతను, కొండలను కలిపింది ఒక చట్టం, అందులోని ఒకే ఒక్క మినహాయింపు. మన స్థలంలోకి ఎవరో సరదాగా నడవడానికో, ఈతకో, వేటకో, కొండెక్కడానికో వచ్చి దెబ్బ తగిలించుకుంటే ఆ పూచీ మనదేనా? ఈ ప్రశ్నకు అమెరికా 70 ఏళ్లుగా ఒక జవాబు చెబుతోంది. ఆ జవాబులో బీట ఎక్కడుందో ఈ గుంత చూపించింది.

ఇంగ్లండ్ నుంచి వచ్చిన పాత న్యాయసూత్రాల ప్రకారం కోర్టు మొదట అడిగేది దెబ్బ గురించి కాదు, వచ్చినవాడెవరని. చెప్పకుండా చొరబడినవాడైతే యజమాని బాధ్యత అంతంతమాత్రం. కావాలని గాయపరచకపోతే చాలు. ఊరికే రానిచ్చిన మనిషైతే, తనకు తెలిసిన ప్రమాదం గురించి హెచ్చరించాలి. వ్యాపారం మీదో, అందరికీ తెరిచిన చోటుకో పిలిచిన మనిషైతే తెలియని ప్రమాదాలను కూడా వెతికి, సరిచేసి ఉంచాలి. అంటే యజమాని ఎంత ఆదరిస్తే పూచీ అంత పెరుగుతుంది. కంచె వేసి, కుక్కను కట్టి, ‘లోనికి రాకూడదు’ అని బోర్డు పెట్టినవాడు హాయిగా నిద్రపోతాడు. పిల్లలు చేపలు పట్టుకుంటారులే అని చెరువు గట్టు వదిలినవాడికి ఉపకారానికి పోతే అపకారం చుట్టుకున్నట్టు అవుతుంది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో కార్లు పెరిగాయి, సెలవులు పెరిగాయి, ఊరి బయటికి వెళ్లాలన్న కోరిక పెరిగింది. ప్రభుత్వ పార్కులు ఆ లెక్కన పెరగలేదు. ప్రైవేటు అడవులూ పొలాలూ చాలానే ఉన్నా, దావాల భయంతో యజమానులు కంచెలు బిగించారు. 1953లో మిషిగన్ రాష్ట్రం దీనికి విరుగుడు కనిపెట్టింది: యజమాని ఉచితంగా రానిస్తే మామూలు నిర్లక్ష్యానికి అతని మీద దావా నడవదు. 1965లో రాష్ట్ర ప్రభుత్వాల మండలి ఒక నమూనా చట్టం రాసిచ్చింది. దాన్ని చూసి ఒక్కో రాష్ట్రం తన వాటం కొద్దీ చట్టం చేసుకుంటూ పోయింది. ఇవాళ 50 రాష్ట్రాలకు 50 చోట్లా ఇలాంటి చట్టం ఉంది. రిక్రియేషనల్ యూజ్ స్టాట్యూట్ అనేది వాటి పేరు. ఇక్కడ విహార చట్టాలు అందాం.

బేరం తేలికే. యజమాని తలుపు తెరుస్తాడు. అందుకు బదులుగా, ‘నా స్థలం క్షేమం’ అని అతను హామీ ఇచ్చినట్టు కాదని చట్టం ముందే ప్రకటిస్తుంది. స్థలాన్ని తనిఖీ చేయనక్కర్లేదు, రాళ్లు ఏరనక్కర్లేదు, చాలా రాష్ట్రాల్లో హెచ్చరించనక్కర్లేదు కూడా. ఈ రక్షణ జారిపోయే దారులు ప్రధానంగా రెండు. ఒకటి, డబ్బు పుచ్చుకోవడం. రెండోది, ప్రమాదం ఉందని తెలిసీ కావాలని నోరు మెదపకపోవడం. చట్టం ‘స్థలం ప్రమాదకరమా’ అని అడగదు. ‘డబ్బు తీసుకున్నావా, నీకు తెలుసా’ అని అడుగుతుంది. మొదటి ప్రశ్న తేలిక, లెక్క చూస్తే తేలిపోతుంది. చిక్కంతా రెండోదానిలో ఉంది.

పైసా పుచ్చుకుంటే

డబ్బు గీత ఒక్కో రాష్ట్రంలో ఒక్కో చోట ఉంది. విస్కాన్సిన్‌లో ప్రైవేటు యజమాని ఏడాది మొత్తంలో విహారానికి వచ్చినవాళ్ల నుంచి 2,000 డాలర్ల వరకు తీసుకోవచ్చు. డబ్బే కానక్కర్లేదు, సరుకైనా సేవ అయినా విలువ కట్టి అందులో కలుపుతారు. తలకు 20 డాలర్ల చొప్పున 100 మందిని రానిస్తే సరిగ్గా గీత మీద ఉంటారు. 101వ మనిషి టికెట్ కొన్నాడంటే రక్షణ పోయినట్టే. అతను దెబ్బ తగిలించుకోనక్కర్లేదు, ఆ ఏడాది మిగతా నూరుగురిలో ఎవరికి తగిలినా చాలు.

టెక్సస్ లెక్క వేరు. అక్కడ నేలలో నూటికి 90 వంతులకు పైగా ప్రైవేటు చేతుల్లో ఉంది. తలుపులు తెరిపించాలంటే యజమానికి కాస్త ఆదాయం కూడా ఉండాలని శాసనసభ అనుకుంది. కిందటి ఏడాది విహారం మీద వచ్చిన మొత్తం, ఆ స్థలానికి కిందటి ఏడాది వేసిన ఆస్తి పన్నుకు 20 రెట్లు దాటకపోతే రక్షణ ఉంటుంది. ఏటా 4,000 డాలర్ల పన్ను పడే స్థలమైతే 80,000 డాలర్ల దాకా తీసుకోవచ్చన్నమాట. అది కూడా దాటితే మూడో దారి ఉంది: ఇన్సూరెన్స్. మనిషికి 5 లక్షల డాలర్లు, ఒక్కో ప్రమాదానికి 10 లక్షలు, ఆస్తి నష్టానికి లక్ష. ఈ మేరకు పాలసీ ఉన్న వ్యవసాయ భూమి యజమాని బాధ్యత కూడా ఆ అంకెల దగ్గరే ఆగిపోతుంది. డాలస్, ఆస్టిన్ చుట్టుపక్కల పది ఇరవై ఎకరాలు కొనుక్కుంటున్న తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. పొలం రిజిస్ట్రేషన్ నాడు ధర గురించి పది మందిని అడుగుతాం కానీ, ఈ మూడు అంకెల గురించి ఇన్సూరెన్స్ ఏజెంటును అడగడం అరుదు.

కాలిఫోర్నియా చట్టం 1963 నాటిది. సివిల్ కోడ్‌లో 846వ సెక్షన్. అందులో మన వాళ్లకు తెలియాల్సిన మెలిక ఒకటుంది. డబ్బు తీసుకోకపోయినా, యజమాని ప్రత్యేకంగా ‘రండి’ అని పిలిచిన మనిషి విషయంలో ఈ రక్షణ లేదు. ఎవరో దారిన పోతూ మీ తోటలో నడుస్తుంటే చూసీ ఊరుకున్నారనుకోండి, చట్టం మీ పక్క. కార్తీక మాసంలో వాట్సాప్‌లో పిలుపు పంపి, వనభోజనాలకు 40 కుటుంబాలను మీ తోటకు రప్పించారనుకోండి, ఆ చట్టం గట్టు మీద నిలబడి చూస్తుంది. ఉసిరిచెట్టు కింద విస్తరి వేసినందుకు విహార చట్టం పూచీ పడదు. ఇంటి ఇన్సూరెన్సో, దాని పైన తీసుకున్న అంబ్రెల్లా పాలసీయో పడాలి.

కొలరాడోలో అయితే గీత దాదాపు సున్నా దగ్గర ఉంది. డబ్బు తీసుకున్నావా, రక్షణ వదులుకున్నావు. అక్కడ కులేబ్రా అనే శిఖరం పూర్తిగా ఒక ప్రైవేటు రాంచ్‌లో ఉంది. ఎక్కేవాళ్ల దగ్గర తలకు 150 డాలర్ల దాకా తీసుకుంటూ, సంతకం పెట్టించుకుని, రోజుకు ఇంతమందే అని లెక్కగా పంపుతూ వచ్చారు. అది వ్యాపారం, దానికి వ్యాపారం లెక్క. మిగతా కొండల యజమానులు ఒక్క సెంటు తీసుకోరు. వాళ్లను ఆ గుంత భయపెట్టింది.

గుంత కథ

2008 సెప్టెంబరు. కొలరాడో స్ప్రింగ్స్ దగ్గర వైమానిక దళ అకాడమీ స్థలంలో తారు వేసిన బాట ఒకటుంది. జనం దాని మీద నడుస్తారు, సైకిల్ తొక్కుతారు. అకాడమీ అధికారికంగా తెరవలేదు, అలాగని ఆపలేదు. ఒక రాత్రి ఒక వైద్యుడు సైకిల్ మీద వస్తూ, బాటను నీరు కోసేయడంతో పడిన గుంతలో పడ్డాడు. గాయాలు తీవ్రం. విషయం ఇక్కడితో ఆగితే విహార చట్టం ప్రభుత్వాన్ని కాపాడి ఉండేది. కానీ ప్రమాదానికి సుమారు రెండు వారాల ముందే అకాడమీలో పనిచేసే ఒక జీవశాస్త్రవేత్త ఆ గుంత చూశాడు. ఫోటో కూడా తీశాడు. ఎవరికీ చెప్పలేదు. తాడు కట్టలేదు, బోర్డు పెట్టలేదు.

ప్రభుత్వం మీద కేసు కాబట్టి ప్రైవేటు యజమానులకు ఏం సంబంధం అనిపించవచ్చు. అమెరికాలో కేంద్ర ప్రభుత్వం మీద నష్టపరిహారం దావాలకు 1946 నాటి చట్టం ఒకటుంది. అదే పరిస్థితిలో ఒక ప్రైవేటు మనిషి ఆ రాష్ట్ర చట్టం కింద ఎంత బాధ్యుడో ప్రభుత్వానికీ అంతే బాధ్యత అన్నది దాని సూత్రం. కాబట్టి వైమానిక దళం ఇక్కడ ఒక రైతు స్థానంలో నిలబడింది. అక్కడ తేలిన న్యాయం రేపు రైతుకూ వర్తిస్తుంది.

విహార చట్టం ఇక్కడ పనికిరాదని కింది కోర్టు మొదట తేల్చింది. 2016లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది: జనం తిరుగుతున్నారని తెలిసీ ఆపలేదంటే రానిచ్చినట్టే, కనుక చట్టం వర్తిస్తుందని చెప్పింది. ప్రభుత్వం గెలిచినట్టే కనిపించింది. కానీ కేసు తిరిగి కిందికి వెళ్లాక రెండో ప్రశ్న లేచింది. తెలిసిన ప్రమాదం విషయంలో కావాలని ఊరుకున్నారా? ఫోటో ఉంది కదా, అవును అంది కింది కోర్టు. 2019లో అప్పీలు కోర్టు ఆ మాటను నిలబెట్టింది. పరిహారం సుమారు 73 లక్షల డాలర్లు. ప్రమాదం నుంచి తుది తీర్పు దాకా పదేళ్లకు పైనే.

ఈ తీర్పు తప్పు అని నేననను. గుంత చూసినవాడు ఒక్క ఫోన్ చేసి ఉంటే ఒక మనిషికి ఆ దెబ్బ తగిలేది కాదు. అయితే తీర్పు ఇచ్చిన సందేశం విడ్డూరంగా తయారైంది. తన స్థలంలో ఏముందో ఎన్నడూ చూడని యజమానికి భయం లేదు. ప్రతి గొయ్యినీ ఎరిగిన యజమాని మాత్రం ‘తెలిసీ ఊరుకున్నావు’ అన్న మాటకు దొరికిపోతాడు. బాధ్యతగా ఉన్నవాడి మెడకే ఉచ్చు బిగిసింది.

కొండల యజమానికి ఈ మాట వెంటనే తగిలింది. ఎందుకో తెలియాలంటే ఆ శిఖరాలు ప్రైవేటు ఆస్తి ఎలా అయ్యాయో చూడాలి.

5 డాలర్లకు ఎకరం

కొలరాడోలో 14,000 అడుగులు, అంటే సుమారు 4,267 మీటర్లు దాటిన శిఖరాలు లెక్కించే పద్ధతిని బట్టి 53 నుంచి 58 దాకా ఉన్నాయి. వాటిని ‘ఫోర్టీనర్స్’ అంటారు. అన్నీ ఎక్కేస్తామని పట్టుబట్టేవాళ్లు వేలల్లో ఉన్నారు. చాలా శిఖరాలు ప్రభుత్వ అటవీ భూమిలోనివే. కొన్ని మాత్రం 19వ శతాబ్దపు గని పిచ్చి పుణ్యమా అని ప్రైవేటు చేతుల్లో పడ్డాయి. 1872 నాటి గనుల చట్టం ప్రకారం ఖనిజపు సిర కనిపెట్టినవాడు పొడవు 1,500 అడుగులు, వెడల్పు 600 అడుగుల ముక్కను, అంటే సుమారు 20.66 ఎకరాలను, ఎకరం 5 డాలర్లకు పూర్తి హక్కుతో రాయించుకోవచ్చు. 1872 నాటి ఈ 5 డాలర్లు తర్వాత మారలేదు. కొత్త దరఖాస్తులు తీసుకోవడం 1994లో ఆపారు. అప్పటికి రాయించుకున్నవి మాత్రం అలాగే వారసత్వంగా, అమ్మకాలుగా చేతులు మారుతున్నాయి.

ఆల్మా అనే చిన్న ఊరి పైన కైట్ లేక్ దగ్గర మొదలుపెడితే డెమోక్రాట్, కామెరాన్, లింకన్, బ్రాస్ అనే నాలుగు శిఖరాలను ఒకే రోజులో చుట్టి రావచ్చు. 1871లో ఆ చుట్టుపక్కల వెండి దొరికింది. కొండంతా తవ్వేశారు. వెండి పోయింది, గోతులు మిగిలాయి, పత్రాలు మిగిలాయి. యజమానికి తన భూమిలో పాత గని గోతులు ఉన్నాయని తెలుసు. బయటివాళ్లు గోతుల దగ్గరికి వెళ్లి తొంగి చూస్తారనీ తెలుసు. 73 లక్షల డాలర్ల తీర్పు అతనికి ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

భయం కొత్తదేమీ కాదు. 2005 ప్రాంతంలోనూ ఈ కొండలు ఒకసారి మూతపడ్డాయి. అప్పుడు ఆల్మా ఊరు వాటిని లీజుకు తీసుకుంది, శాసనసభ 2006లో పాత గనుల విషయంలో కొంత రక్షణ చేర్చింది. 2019 తీర్పు ఆ భరోసాను కుదిపేసింది. 2021లో మౌంట్ లిండ్సీ శిఖరాన్ని దాని యజమానులు మూసేశారు. ఆల్మా పైన ఉన్న శిఖరాలు ఓసారి మూతపడి, తెరిచి, 2023 మార్చిలో మళ్లీ మూతపడ్డాయి. దానికి ముందు నెలలోనే, చట్టాన్ని సవరించాలన్న బిల్లు శాసనసభ కమిటీలో వీగిపోయింది. ‘తెలిసీ ఊరుకోవడం’ అన్న మినహాయింపును బలహీనపరిస్తే నిజంగా నిర్లక్ష్యం చేసినవాళ్లూ తప్పించుకుంటారన్నది ప్రత్యర్థుల వాదన. అందులో పస లేదనలేం. మళ్లీ ఆ ఫోటోనే గుర్తు చేసుకోండి.

ఇక్కడ కాసేపు అంకెలతో ఆడుకుందాం. ఫోర్టీనర్స్ బాగోగులు చూసే స్వచ్ఛంద సంస్థ అంచనా ప్రకారం 2020లో ఈ శిఖరాల మీద 4,15,000 మంది-రోజుల నడక జరిగింది. ఒక మనిషి ఒక రోజు నడిస్తే ఒకటి లెక్క. అది కోవిడ్ ఏడాది, ఊళ్లన్నీ మూసి కొండలే తెరిచి ఉన్న ఏడాది. 2021లో 3,03,000. 2022లో 2,79,000. 2023లో 2,60,000. మూడేళ్లలో 37 శాతం తగ్గింది. మూతపడిన శిఖరాలు అందుకు ఒక కారణం. పార్కింగ్ ఆంక్షలూ, కోవిడ్ జోరు చల్లారడమూ మిగతావి. ఇప్పుడు ఆ ఒక్క గుంత తీర్పు మొత్తాన్ని 2023లో శిఖరాలు ఎక్కిన వాళ్లందరికీ పంచితే ఒక్కో మంది-రోజుకు 28 డాలర్లు పడుతుంది. అంత వసూలు చేసి నిధి పెట్టుకోకూడదా అంటే, వసూలు మొదలైన క్షణమే రక్షణ పోతుంది. పోనీ ఇన్సూరెన్స్ అందామా, 150 ఏళ్ల నాటి గని గోతులున్న కొండకు పాలసీ రాసేవాళ్లు వరస కట్టి నిలబడరు.

మూడు దారులు తెరిచారు. మొదటిది, సంతకం. 2023 వేసవి చివర ఆల్మా శిఖరాలను తిరిగి తెరిచినప్పుడు కొండ మొదట్లో ఒక క్యూఆర్ కోడ్ బోర్డు పెట్టారు. ఫోన్‌తో స్కాన్ చేసి, ‘ప్రమాదాలు నాకు తెలుసు, దావా వేయను’ అనే వేవర్ మీద సంతకం చేస్తేనే నడక. బ్రాస్ శిఖరం కొన మాత్రం తెరవలేదు. అక్కడ ముక్కలు పలువురు యజమానుల చేతుల్లో ఉన్నాయి. అందరి సంతకాలు కూడగట్టడం అయ్యే పని కాదు. లిండ్సీ కూడా తర్వాత వేవర్ పద్ధతిలోనే తెరుచుకుంది. రెండో దారి, కొనేయడం. డెమోక్రాట్ శిఖరం ఉన్న 289 ఎకరాలను 2023లో ఒక పరిరక్షణ సంస్థ యజమాని నుంచి కొని, అమెరికా అటవీ శాఖకు అప్పగించింది. పాత చట్టపు కొలతల్లో చూస్తే 14 గని ముక్కల విస్తీర్ణం. ఎకరం 5 డాలర్ల చొప్పున ఆనాడు ప్రభుత్వానికి ముట్టింది 1,445 డాలర్లు అయి ఉంటుంది. తిరిగి కొనడానికి ఎంతయిందో ఆ లెక్కలో చూడకండి.

మూడోది చట్టం. 2024 మార్చిలో గవర్నర్ సంతకం చేసిన సవరణ, గుంత కేసు తీసుకొచ్చిన చిక్కుముడిని వేరే వైపు నుంచి విప్పింది. తెలిసిన ప్రమాదం ఏమిటో చెబుతూ ప్రధాన ప్రవేశం దగ్గర బోర్డు పెట్టి, బోర్డు ఉందనడానికి ఫోటో వంటి ఆధారం దాచుకున్న యజమాని మీద ‘తెలిసీ ఊరుకున్నావు’ అన్న ఆరోపణ నిలవదు. గుర్తించిన బాట వదిలి పక్కకు వెళ్లినవాణ్ని రానిచ్చినవాడిగా కాక చొరబడినవాడిగా చూస్తారు. అంటే తెలిసి ఉండటం నేరం కాకుండా పోయింది. తెలిసింది చెప్పకపోవడమే నేరంగా మిగిలింది. నాకు ఈ పరిష్కారం నచ్చింది. మినహాయింపును తీసిపారేయకుండా దాన్ని నెరవేర్చే దారి చూపించారు. చౌకైనది కూడా, ఒక బోర్డు, రెండు మేకులు, ఒక ఫోటో.

ఓరెగన్ రాష్ట్రంలో ఇదే కథ ఇంకో మెలికతో నడిచింది. న్యూపోర్ట్ పట్నంలో ఒకామె బీచ్‌కు వెళ్లే బాట మీద తడిసిన చెక్క వంతెనపై జారిపడింది. ఆమె ఆ బాట మీద విహరిస్తోందా, లేక విహారానికి బీచ్‌కు వెళుతూ బాటను వాడుకుంటోందా? అది ఊరికే తేలేది కాదు, విచారణ జరగాల్సిన విషయమే అంది అప్పీలు కోర్టు 2023లో. వినడానికి సాగదీత. కానీ విచారణ దాకా వెళ్లడమంటే లాయరు ఖర్చు. పట్నాలకు ఇన్సూరెన్స్ ఇచ్చే సంస్థ బాటలు మూసేయమని సలహా ఇచ్చింది, కొన్ని ఊళ్లు మూసేశాయి. 2024లో తాత్కాలిక సవరణ, 2025లో శాశ్వత సవరణ తెచ్చాక గానీ అవి ఊపిరి పీల్చుకోలేదు.

గెలిచినా ఖర్చే

విహార చట్టాల్లో అంతగా కనపడని లోపం ఇదే. యజమాని ఓడిపోకుండా కాపాడతాయి, కోర్టుకు ఈడ్వకుండా కాపాడలేవు. మెయిన్ రాష్ట్రం దీన్ని గుర్తించింది. దావా వేసి ఓడిపోతే యజమాని కోర్టు ఖర్చులు, లాయరు ఫీజుతో సహా, దావా వేసినవాడు కట్టాలి. అక్కడ అడవులు అత్యధికం ప్రైవేటు కంపెనీలవీ కుటుంబాలవీ. వేటగాళ్లూ స్నోమొబైల్ నడిపేవాళ్లూ వాటిలో తరతరాలుగా తిరుగుతున్నారు. పక్కనున్న న్యూ హాంప్‌షైర్ మరోవైపు నుంచి వచ్చింది. నడక, చేపల వేట, స్కీయింగ్ వంటి ఆరు పనులకు ఏడాది పొడవునా ఉచితంగా తెరిచి ఉంచిన భూమికి పన్ను లెక్క కట్టే విలువలో 20 శాతం తగ్గిస్తారు. భయం తీయడంతో ఆగకుండా ఏటా కొంత ముట్టజెప్పే పద్ధతి ఇది.

అట్లాంటిక్ దాటితే ప్రశ్నే మారిపోతుంది. స్కాట్లండ్‌లో 2003 భూసంస్కరణ చట్టం ప్రకారం దాదాపు ఏ భూమిలోనైనా, ఎవరిదైనా సరే, బాధ్యతగా నడిచే హక్కు అందరికీ ఉంది. యజమాని అనుమతి మాటే రాదు. అయినా యజమాని జాగ్రత్త ఇంతకుముందు ఎంతో ఇప్పుడూ అంతే అని ఆ చట్టమే చెప్పింది. ఇంగ్లండ్‌లో 2000 నాటి చట్టం తెరిచిన కొండల్లో, మైదానాల్లో, వాగు, బండ, లోయ వంటి సహజ ప్రమాదాలకు యజమాని పూచీ లేదు. నీళ్లు లోతని, బండ జారుతుందని కంటికి కనిపించేదానికి బోర్డు ఎందుకన్నది అక్కడి న్యాయస్థానాల ధోరణి. 2024 ఏప్రిల్‌లో స్కాట్లండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఆంధ్రప్రదేశ్ నుంచి చదువుకోవడానికి వెళ్లిన ఇద్దరు విద్యార్థులు నీళ్లలో పడి చనిపోయారు. విదేశాలకు పిల్లలను పంపే మన ఇళ్లలో వీసా, ఫీజు, పార్ట్‌టైమ్ ఉద్యోగం గురించి గంటలు మాట్లాడతాం. అక్కడి వాగులకు కంచె ఉండదని, ఉండాల్సిన అవసరం చట్టం పెట్టలేదని చెప్పేవాళ్లు తక్కువ.

మన బావులు, మన ఫామ్‌హౌస్‌లు

మన దేశంలో విహార చట్టం లేదు. విహార చట్టానికి ముందున్న పాత ఇంగ్లిషు న్యాయసూత్రాలే కోర్టులకు ఆధారం. అయితే ఇక్కడ సివిల్ దావా కంటే ముందు వచ్చేది పోలీసు కేసు. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే పాత శిక్షాస్మృతి 304ఎ సెక్షన్ కింద రెండేళ్ల దాకా శిక్ష ఉండేది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ దాన్ని ఐదేళ్లకు పెంచింది. అమెరికాలో రైతు అడిగేది ‘ఎంత కట్టాలి’ అని. ఇక్కడి రైతు అడిగేది ‘స్టేషన్‌కు పిలుస్తారా’ అని.

వేసవి వచ్చిందంటే వ్యవసాయ బావుల్లో, క్వారీ గుంతల్లో, కుంటల్లో ఈతకు దిగి పిల్లలు మునిగిపోయిన వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల జిల్లా పేజీల్లో కనిపిస్తూనే ఉంటాయి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశం మొత్తం మీద నీట మునిగి చనిపోయినవాళ్లు 38 వేలకు పైనే. అందులో సరదా ఈతకు దిగినవాళ్లెందరో విడిగా లెక్క కట్టరు. బావి ఒకరిది, ఈత ఊరందరిది. వద్దన్న రైతును పిసినారి అంటారు. అక్కడ ఎవరూ టికెట్ అమ్మరు, బోర్డు పెట్టరు. పాత న్యాయసూత్రాల భాషలో ఆ పిల్లలు రానిచ్చినవాళ్లా, చొరబడినవాళ్లా? చూసీ ఊరుకున్నాడంటే రానిచ్చినట్టే అని కొలరాడో కేసులో అన్నారు. మన రైతూ రోజూ చూసీ ఊరుకుంటాడు.

ప్రైవేటు భూమిలోని ప్రమాదాన్ని మన వ్యవస్థ నేరుగా పట్టించుకున్న చోటు ఒకటుంది: బోరుబావి. పిల్లలు పడిపోతున్న ఘటనల మీద సుప్రీంకోర్టు 2010 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. బోరు వేయడానికి 15 రోజుల ముందు అధికారులకు రాతపూర్వకంగా చెప్పాలి. తవ్వేటప్పుడు బోర్డు పెట్టి ముళ్లకంచె కట్టాలి. కేసింగ్ చుట్టూ 0.50 మీటర్ల పొడవు, 0.50 మీటర్ల వెడల్పు, 0.60 మీటర్ల ఎత్తుతో సిమెంటు దిమ్మె కట్టాలి. అందులో సగం నేలపైన, సగం నేలలో ఉండాలి. వదిలేసిన బోరును మట్టి, ఇసుక, రాళ్లతో అడుగు నుంచి పైదాకా పూడ్చాలి. అమెరికా చట్టం యజమానికి ‘నీ పూచీ లేదులే, తెరువు’ అంటుంది. ఇక్కడి ఆదేశం ‘నీదే పూచీ, మూయి’ అంటుంది. బోరు విషయంలో రెండోదే సరి. అందులో విహారం ఏమీ లేదు. తెరిచిన బావి, కుంట, కొండ బాటల విషయంలో ఈ రెండింటికీ మధ్య ఏదీ లేదు.

డబ్బు తీసుకునేవాళ్ల సంగతి మాత్రం స్పష్టం. హైదరాబాద్ చుట్టూ శంషాబాద్, మొయినాబాద్, చేవెళ్ల వైపు, విజయవాడ, విశాఖ శివార్లలో ఈతకొలనుతో రోజువారీ అద్దెకిచ్చే ఫామ్‌హౌస్‌లు పుట్టుకొచ్చాయి. అద్దె పుచ్చుకున్న క్షణం వచ్చినవాడు వినియోగదారుడు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం అతని చేతికి వచ్చింది. ఏ కమిషన్‌కు వెళ్లాలన్నది అతను అడిగే పరిహారాన్ని బట్టి కాదు, కట్టిన అద్దెను బట్టి తేలుతుంది. 50 లక్షల రూపాయల దాకా కట్టిన సొమ్మున్న కేసులు జిల్లా కమిషన్‌వే. కాబట్టి వారాంతానికి 20 వేలు కట్టినవాడు కోటి రూపాయల పరిహారం కోరినా ఫిర్యాదు జిల్లాలోనే. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు సున్నా. గడువు రెండేళ్లు. గోడ మీద ‘ఈతకొలను మీ సొంత పూచీతో వాడుకోండి’ అని రాయడం చాలామంది యజమానులు చేసే పని. లోతు ఎన్ని అడుగులో రాయడం, రాత్రి దీపం పెట్టడం, తాడు, ట్యూబు అందుబాటులో ఉంచడం అంతమంది చేయరు. ఆ ఒక్క వాక్యం అద్దె తీసుకున్నవాడిని ఫిర్యాదు నుంచి గానీ, పోలీసు కేసు నుంచి గానీ తప్పించదు. లోతు అంకె కనీసం ఈత రాని మనిషిని గట్టున ఆపుతుంది.